అడగండి చెప్తా: ఏడుకొండలుండంగా కాశ్మీరం ఎందుకు?

ప్రశ్న: సార్ నమస్తే, మాది తిరుపతి, కొర్లగుంట. మా చిన్నోడు ఆర్మీలో ఉండాడు, 22 ఏండ్లు. మంచులో జారే ఆట ఉంది కదా, స్కీయింగ్, దాంట్లోకి తీసుకున్నారు వాణ్ణి. జారుకుంటా పోయి మధ్యలో ఆగి తుపాకీతో కాల్చేదంట, బయాథ్లాన్ అంటాడు. ఇప్పుడు లీవులో వచ్చినాడు, వచ్చే నెల మళ్ళీ పోవాల, మంచు పడకముందే గుల్మార్గ్‌లో క్యాంపు పెడతారంట. నా బాధేందంటే, పోయినసారి మొదటి వారమంతా నిద్రే పట్టలేదన్నాడు, తలనొప్పి అన్నాడు, ఏందిరా అంటే ఎత్తు మా, అట్నే ఉంటాది అంటాడు. ఇంకోటి, మొదటి పది రోజులు గట్టిగా పరిగెత్తితే కోచ్ తిడతాడంట. ఆర్మీలో నిదానంగా పొమ్మని తిట్టేదేంది సార్, నాకు నమ్మకం కుదర్లా. మళ్ళీ రక్తంలో ఐరన్ టెస్టు చేయించుకోని రమ్మన్నారంట, మా ఇంట్లో ఎవురికీ రక్తం తక్కువ లేదే. ఇంట్లో ఉంటే పొద్దున్నే గోడకి నల్ల చుక్క పెట్టుకోని, దుడ్డుకర్ర భుజానికి ఆనించుకోని అట్నే చూస్తా నిలబడతాడు, పక్కింటోళ్ళు మీవోడికి ఏమైంది అని అడగతా ఉండారు. అయినా మనకి ఏడుకొండలుండంగా అంతదూరం కాశ్మీరం ఎందుకు సార్, రోజూ అలిపిరి నుంచి నడిచి ఎక్కితే చాలదా?
— ఒక అమ్మ, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ దుడ్డుకర్ర సంగతి తేల్చేద్దాం, పక్కింటోళ్ళకి మీరు ఈరోజే ఏదో ఒకటి చెప్పాలి కదా. మీవాడికి ఏమీ కాలేదు, వాడు చేసేది ప్రాక్టీసే. బయాథ్లాన్ ఆడేవాళ్ళు, పెద్ద పెద్ద ఛాంపియన్లు కూడా, గుండు లేని ఖాళీ రైఫిల్ పట్టుకుని గోడ మీద చుక్కని చూస్తూ చాలాసేపు గడుపుతారు, భుజం ఎక్కడ ఆనాలి, బుగ్గ ఎక్కడ తగలాలి, ఊపిరి ఎక్కడ ఆపాలి అనేది ఒంటికి అలవాటుగా ఉండిపోవాలని. సైనికుడు లీవుకొచ్చేటప్పుడు రైఫిల్ వెంట తెచ్చుకోలేడు కాబట్టి కర్ర. ఆ ఆటలో రైఫిల్ బరువు కనీసం 3.5 కిలోలుండాలని రూలు, మొదలైన కాడ్నించి గీత దాటేదాకా దాన్ని వీపుకి తగిలించుకునే పోవాలి, కాబట్టి రేపు వాడు ఆ కర్రకి ఇసుక మూట కట్టినా కంగారు పడకండి.

ఇంక కొండల సంగతి. ఎత్తుకి పోతే గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు, వాటా యాడికీ పోదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి, దాంతో ఒక్కో గుక్కలో లోపలికి పోయే ఆక్సిజన్ తగ్గుతుంది. తిరుపతి ఊరు సముద్రమట్టానికి 150, 160 మీటర్ల ఎత్తులో ఉంటుంది, తిరుమల 850 మీటర్ల పైమాట, అక్కడ ఒత్తిడి సముద్రం ఒడ్డు కంటే ఓ 10 శాతం తక్కువ, ఇంత చిన్న తేడాకి ఒళ్ళు పెద్దగా కదలదు. గుల్మార్గ్ 2,650 మీటర్లు, అక్కడ పావు వంతు పైనే తగ్గిపోతుంది. అంత తగ్గినప్పుడే కిడ్నీలు మేలుకుని ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ ఎక్కువగా వదుల్తాయి, అది ఎముక మజ్జ దగ్గర ఎర్రకణాలు ఎక్కువ తయారు చేయిస్తుంది, ఎర్రకణాలు పెరిగితే కండకి అందే ఆక్సిజన్ పెరుగుతుంది. సుమారు 2,000 మీటర్లు దాటితే గానీ ఈ వ్యవహారం సరిగ్గా మొదలవ్వదు, అయ్యేదానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అంతా చేసి హిమోగ్లోబిన్ మొత్తం మీద ఓ 3, 4 శాతం పెరిగితే గొప్ప. ఏడుకొండలవాడి మీద భక్తికి ఎత్తు లెక్కలేదు గానీ రక్తానికి ఉందమ్మా. సైకిల్ రేసుల్లో, స్కీ ఆటల్లో కొందరు ఇదే హార్మోన్‌ని ఇంజెక్షన్లుగా పొడిపించుకుని దొరికిపోయి నిషేధాలకి గురయ్యారు, మీవాడు దాన్నే కొండ మీద పడుకుని న్యాయంగా తెచ్చుకుంటున్నాడు.

ఇప్పుడు కోచ్ తిట్ల విషయం. ఆయన ఎవరో గానీ నాకు తెగ నచ్చాడు. కింది ఊళ్ళ నుంచి పోయిన కుర్రోళ్ళకి అక్కడ ఒక మోసం జరుగుతుంది, గాలి చల్లగా ఉంటుంది, చెమట పట్టదు, తిరుపతి ఎండలో పరిగెత్తినోడికి స్వర్గంలా ఉండి మొదటి రోజే లాగేస్తాడు. అదే స్పీడుకి అక్కడ గుండె ఇక్కడికంటే చాలా ఎక్కువ కొట్టుకుంటా ఉంటుంది, రాత్రి నిద్ర సరిగ్గా ఉండదు, పొద్దున్నకి అలసట తీరదు, ఆ అప్పు మీద అప్పు పేరుకుని మూడో వారానికి కాళ్ళు కర్రలైపోతాయి. అట్లాంటోడు కొండ దిగేటప్పటికి ఎక్కినప్పటికంటే వీక్‌గా ఉంటాడు, ఎర్రకణాలు పెరిగినా లాభం లేదు. మీకు ఆర్మీ మీద అనుమానం కదా, సైన్యంలో 9,000 అడుగులు దాటిన చోటికి పోయే ఎవరికైనా మొదటి మెట్టులో 6 రోజుల అలవాటు టైం పెట్టారు, మొదటి 2 రోజులు దాదాపు విశ్రాంతే, తర్వాత 2 రోజులు నిదానంగా కొద్ది దూరం నడక, ఆ తర్వాతే కాస్త ఎక్కడం. గుల్మార్గ్ ఊరు ఆ గీతకి కొంచెం కిందుగా ఉంటుంది, అంతే తేడా, అక్కడి గొండోలా, అంటే కొండెక్కే రోప్‌వే, దాని చివరి స్టేషను 3,900 మీటర్లు దాటిపోతుంది. యుద్ధానికి పోయేవాళ్ళనే కూర్చోమంటున్నారంటే ఆటకి పోయేవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

యూరప్ వాళ్ళు సీజన్ ముందు క్యాంపులకి ఇటలీలో లివిన్యో, ఫ్రాన్స్‌లో ఫోం రొమ్యూ లాంటి చోట్లకి పోతారు, రెండూ 1,800 మీటర్ల చిల్లర. ఫ్రాన్స్ బయాథ్లాన్ ఛాంపియన్ మార్టిన్ ఫుర్కాడ్ పెరిగింది ఆ ఫోం రొమ్యూ పక్కనే. 2026 వింటర్ ఒలింపిక్స్ బయాథ్లాన్‌కి ఎంచుకున్న ఇటలీలోని ఆంథోల్జ్ కూడా 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే ఎత్తు అలవాటు చేసుకోవడం వాళ్ళకీ తప్పదు. మన గుల్మార్గ్ వీటన్నిటికంటే పైన, అది రక్తానికి మంచిదే, ట్రైనింగుకి మాత్రం ఇబ్బంది, గట్టి సెషన్ పెడదామంటే స్పీడే రాదు. 1997లో లెవీన్, స్ట్రే-గండర్సన్ అనే ఇద్దరు అమెరికాలో రన్నర్లని గ్రూపులు చేసి చూస్తే, 2,500 మీటర్ల దగ్గర ఉంటూ ట్రైనింగుకి 1,250 మీటర్లకి దిగివచ్చిన గ్రూపే 5,000 మీటర్ల పరుగులో టైం తగ్గించింది, పైనే ఉండి పైనే పరిగెత్తిన గ్రూపుకి ఆ లాభం రాలేదు. గుల్మార్గ్‌లో ఉన్నోళ్ళకి శ్రీనగర్ ఓ 50 కిలోమీటర్లు, 1,585 మీటర్ల ఎత్తు, వారానికి ఒకటో రెండో గట్టి సెషన్లకి ఆ వైపు దిగే ఏర్పాటుంటే బాగుంటుంది, మీవాణ్ణి కోచ్‌ని అడగమనండి, మర్యాదగా అడిగితే తిట్టడు.

నిద్ర, తలనొప్పి: మొదటి మూడు నాలుగు రాత్రులు మధ్యలో మెలకువ రావడం, ఊపిరి ఒక్కోసారి ఆగి మళ్ళీ గబగబా తీసుకోవడం, మాటిమాటికీ ఒంటికి పోవడం, ఇవి ఎత్తు లక్షణాలు, వాటంతట అవే సర్దుకుంటాయి. కరోనా టైంలో వేలికి పెట్టుకున్న మిషన్ ఉంటే దాంట్లో 92, 93 కనపడినా గాబరా పడొద్దు, అక్కడ అది మామూలే. కానీ తలనొప్పితో పాటు వాంతులు, తూలడం ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఉన్నా అది ఓర్చుకునే విషయం కాదు, వెంటనే డాక్టరుకి చెప్పాలి, కిందికి దించాలి. మీవాడు ఇవి కోచ్ దగ్గర దాచకుండా ఉంటే చాలు, మన పిల్లలు టీమ్‌లోంచి తీసేస్తారేమోనని దాస్తారు, మీరు ఫోన్లో అడగాల్సిన ప్రశ్న తిన్నావా అని కాదు, తలనొప్పి ఉందా, చెప్పావా అని.

ఐరన్ టెస్టు గురించి. ఎర్రకణం చెయ్యాలంటే ఇనుము కావాలి, కిడ్నీలు ఆర్డరు వేసినా సరుకు లేకపోతే మజ్జ ఏం చేస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో నిల్వ తక్కువుండొచ్చు, దాన్ని ఫెరిటిన్ అనే టెస్టు చూపిస్తుంది, కాబట్టి క్యాంపుకి నాలుగైదు వారాల ముందే చేయించాలి, తక్కువొస్తే డాక్టర్ రాసినట్టు వేసుకోవడానికి టైముండాలి కదా. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొని మింగడం మాత్రం వద్దు, ఎక్కువైనా ప్రమాదమే. ఇంట్లో ఉన్నన్నాళ్ళు నాటుకోడి, మటన్ అంగట్లో దొరికే లివర్, ఆకుకూర పప్పు, రాగిసంగటి పెట్టండి, పప్పులో నిమ్మకాయ పిండండి, భోజనం పైన వెంటనే టీ తాగనివ్వకండి, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు.

మీరడగలేదు గానీ అసలు కష్టం గురి దగ్గర ఉంది, దాని గురించి చెప్పకపోతే మీవాడు గోడ ముందు ఎందుకు నిలబడుతున్నాడో మీకు సగమే అర్థమవుతుంది. రేసులో వాళ్ళు గుండె దడదడలాడుతుండగా రేంజ్‌లోకి వస్తారు, కర్రలు పక్కన పడేసి, వీపు మీద రైఫిల్ తీసి, చాప మీద బోర్లా పడుకుని 50 మీటర్ల దూరంలో ఉన్న ఐదు నల్ల చుక్కల్ని కొట్టాలి, ఒక్కో చుక్క నడుమ 45 మిల్లీమీటర్ల వెడల్పులో తగిలితేనే లెక్క. నిలబడి కాల్చే రౌండుకి చుక్క మొత్తం లెక్కే, 115 మిల్లీమీటర్లు. ఒక్కటి తప్పితే చాలా రేసుల్లో 150 మీటర్ల చిన్న రౌండు అదనంగా కొట్టాలి, అంటే 20 సెకన్ల పైన పోయినట్టే, ఇండివిడ్యువల్ అనే పెద్ద రేసులో ఏకంగా ఒక నిమిషం కలుపుతారు. ఐదు గుండ్లూ అరనిమిషంలో అయిపోవాలి. రెండు ఊపిర్ల మధ్య చిన్న సందులో ట్రిగ్గర్ నొక్కాలి. కింద అలవాటైన సందు పైన దొరకదు, ఊపిరి బిగబడితే ఒళ్ళు వెంటనే ఇంకో గుక్క అడుగుతుంది, మొండిగా ఆపితే చూపు మసకబారి ముక్కు వణుకుతుంది, ముక్కంటే రైఫిల్ ముక్కు. పడుకుని కాల్చేటప్పుడు చేతికి బిగించిన పట్టీలోంచి నాడి కొట్టుకోవడం గురిలో కనపడుతుంది, చుక్క మీద సైటు, అంటే రైఫిల్ మీద గురి చూసే భాగం, ప్రతి దెబ్బకీ ఎగిరి పడుతుంటుంది. అందుకే పైకి పోయిన మొదటి రోజుల్లో తెలివైన కోచ్‌లు గుండ్ల మధ్య ఒక ఊపిరి ఎక్కువ తీసుకోమంటారు, రెండు మూడు సెకన్లు పోతే పోనీ అంటారు, తప్పిన చుక్క ఖరీదు దానికంటే చాలా ఎక్కువ. మీవాడు నిదానంగా ఉండాలన్నది కాళ్ళకే కాదు, వేలికి కూడా.

అలిపిరి మెట్లు వృథా అనుకోకండి. 3,550 మెట్లు, తొడలకీ గుండెకీ అంత మంచి పని చెప్పే జిమ్ము మన జిల్లాలోనే లేదు. గాలిగోపురం దాకా మాట్లాడుకుంటా ఎక్కగలిగే స్పీడులో పొమ్మనండి, ఆ తర్వాత చదునుగా ఉన్న దారిలో ఊపిరి సర్దుకోవచ్చు, చివర్లో మోకాళ్ళమెట్టు దగ్గర కావాలంటే కాస్త జోరు పెంచొచ్చు. భక్తుల మధ్య తోసుకుంటా పరిగెత్తడం వద్దు, చంటిబిడ్డలతో, పెద్దోళ్ళతో వస్తా ఉంటారు. దిగేటప్పుడు మాత్రం బస్సెక్కాలి, మెట్లు దిగితే తొడ కండలు చితికి రెండ్రోజులు ట్రైనింగ్ పోతుంది. రోలర్ స్కీలు, అవే చక్రాల స్కీలు, తెచ్చుకుని ఉంటే ఘాట్ రోడ్డు పేరు కూడా ఎత్తొద్దు, వాటికి బ్రేకులుండవు.

ప్రశ్న: అన్నా, చిత్తూరులో డిగ్రీ చదువుతున్నా. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రెండేళ్ళుగా కొడుతున్నా, స్కోర్లు పర్లేదు. బయాథ్లాన్ వీడియోలు చూసి పిచ్చెక్కింది. ఒకసారి గ్రౌండ్ రెండు రౌండ్లు పరిగెత్తి వచ్చి కొడితే పేపర్ మీద ఎక్కడ పడ్డాయో కూడా దొరకలేదు. వాళ్ళు గుండె అంత కొట్టుకుంటుంటే ఎట్లా కొడతారన్నా, నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
— చిత్తూరు కుర్రాడు

జవాబు: తమ్ముడూ, వాళ్ళు కొట్టే చుక్క నీ చుక్క కాదు, ముందు అది లెక్కెయ్. నీ టార్గెట్‌లో పది పాయింట్లిచ్చేది అర మిల్లీమీటరు చుక్క, వాళ్ళది 50 మీటర్ల దగ్గర 45 మిల్లీమీటర్లు, దాన్ని 10 మీటర్లకి తెస్తే 9 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే ఒక శెనక్కాయ పప్పంత. నిలబడి కొట్టేది 115 కదా, 10 మీటర్లకి 23 అవుతుంది, మామూలు ఐదు రూపాయల బిళ్ళంత. తెల్ల పేపర్ మీద ఆ రెండు సైజులు నల్లగా వేసుకో, నీకు పది కావాలనే పిచ్చి పక్కన పెట్టు, బయాథ్లాన్‌లో చుక్క అంచుకి తగిలి పడినా పడినట్టే, మధ్యలో తగిలినోడికి బోనస్ ఏం లేదు. పర్ఫెక్ట్ కోసం ఆగి ఆగి ఊపిరి బిగబట్టే అలవాటే ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చినోళ్ళని దెబ్బ తీస్తుంది.

పరుగు తర్వాత నేరుగా కాల్చకు. కోచ్ ఉన్న రేంజ్‌లోనే, ముందు మెల్లగా 400 మీటర్లు జాగింగ్ చేసి వచ్చి ఖాళీ రైఫిల్‌తో ఐదుసార్లు గురి పట్టు, ఒక్కో గురికీ రెండు ఊపిర్లు, మూడో ఊపిరి సగం వదిలిన చోట ఆగి నొక్కు, ఒకటి రెండు సెకన్లలో కుదరకపోతే వదిలేసి మళ్ళీ ఊపిరి తీసుకో. ఇది విసుగు పుట్టిందాకా చేశాకే పెల్లెట్ పెట్టు. పెల్లెట్ పెట్టిన రైఫిల్ పట్టుకుని ఒక్క అడుగు కూడా నడవకూడదు, అసలు ఆటలో కూడా ఛాంబర్ ఖాళీగా ఉంచి గొట్టం పైకి పెట్టుకునే పోతారు, ఈ విషయంలో తప్పు చేస్తే రేసులోంచి తీసేస్తారు.

వాళ్ళు వాడేది .22 రైఫిల్, దానికి లైసెన్సు, క్లబ్బు వ్యవహారం అంతా ఉంటుంది, ఎయిర్ రైఫిల్ లాగా షాపులో కొనుక్కొచ్చేది కాదు. తొందర పడకు, నీకు ముందు లేనిది కాళ్ళ కింద మంచు. గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ అని కేంద్ర టూరిజం శాఖది ఉంది, మామూలు జనానికి స్కీ కోర్సులు పెడతారు. సీరియస్‌గా ఆ ఆటే కావాలంటే మన దేశంలో దారి ఎక్కువగా యూనిఫాం గుండానే పోతుంది, గుల్మార్గ్‌లో సైన్యం వాళ్ళ హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ, అంటే టిబెట్ సరిహద్దు కాసే పోలీసు దళం. డిగ్రీ అయ్యాక ఆ వైపు ఆలోచించు, పైన ఉన్న అమ్మ ఉత్తరం కూడా చదువుకో.

ప్రశ్న: నేను మదనపల్లె దగ్గర హైస్కూల్లో పీఈటీని. మా అథ్లెటిక్స్ పిల్లల్ని ఎండాకాలం సెలవుల్లో హార్స్‌లీ కొండకి తీసుకుపోయి ఆల్టిట్యూడ్ క్యాంపు పెడదామనుకుంటున్నాం. పది రోజులు సరిపోతుందా?
— మదనపల్లె

జవాబు: మాస్టారూ, క్యాంపు పెట్టండి, బ్యానర్ మీద ఆల్టిట్యూడ్ అని మాత్రం రాయించకండి. హార్స్‌లీ కొండ 1,250 నుంచి 1,300 మీటర్ల మధ్య ఉంటుంది, పైన చెప్పిన లెవీన్ వాళ్ళ స్టడీలో కిందికి దిగి పరిగెత్తండి అని చెప్పిన ఎత్తు అదే! పది రోజులకి రక్తంలో ఏమీ మారదు, అంత ఎత్తులో నెల రోజులున్నా పెద్దగా మారదు. మీకు అక్కడ దొరికేది చల్లదనం. మే నెలలో కింద పొద్దున ఏడున్నరకే ఎండ దంచుతుంటే ఒంట్లో రక్తం కొంత చర్మాన్ని చల్లార్చే పనిలో పడిపోతుంది, పిల్లలు నిజమైన స్పీడులో పరిగెత్తలేరు, పైన యూకలిప్టస్ చెట్ల కింద పొద్దునా సాయంత్రం రెండు పూటలా మంచి పని చేయించొచ్చు. గట్టిగా కావలసిన సెషన్లు అక్కడ పెట్టండి, అదే ఆ కొండ ఉపయోగం. నిజమైన ఎత్తు కావాలంటే దగ్గర్లో ఊటీ, 2,240 మీటర్లు, దూరపు పరుగుల వాళ్ళు పోయేది అక్కడికే, హిమాచల్‌లో శిలారూ దగ్గర శాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) వాళ్ళ సెంటర్ ఉంది. అయితే హైస్కూలు పిల్లలకి అవేవీ అక్కర్లేదు, వాళ్ళకి ఇంకా నాలుగేళ్ళు మామూలు నేల మీదే కావలసినంత పెరుగుదల ఉంది.

ప్రశ్న: సార్, ఆన్‌లైన్లో ఆల్టిట్యూడ్ మాస్క్ అని అమ్ముతున్నారు, ముక్కుకీ నోటికీ పెట్టుకుని పరిగెత్తితే కొండ మీద ఉన్నట్టేనంట. కొనొచ్చా?
— పలమనేరు

జవాబు: వద్దు. అది గాలిని తక్కువగా పోనిస్తుంది, లోపలికి పోయే గాలిలో ఒత్తిడి మాత్రం పలమనేరు ఒత్తిడే. ఛాతీ కండలకి కాస్త ఎక్సర్‌సైజు అవుతుందేమో గానీ ఎర్రకణాలు పెరగవు, పైగా మాస్కు వల్ల నువ్వు నెమ్మదిగా పరిగెత్తి గట్టిగా పరిగెత్తినట్టు ఫీలవుతావు. ఖర్చు పెట్టాలనే ఉంటే ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ బెల్టు కొనుక్కో, చేతి వాచీలో వచ్చే పల్సు మెట్లెక్కేటప్పుడు, చేతులు గట్టిగా ఊపేటప్పుడు అటూ ఇటూ అయిపోతుంది, బెల్టులో అంత తేడా రాదు.